పీపా తాగిన నీళ్ళు

ఎల్బీనగర్ మెట్రో మెట్లు దిగి హయత్‌నగర్ వైపు కాస్త నడిస్తే రోడ్డు పక్కన కొత్తగా ఒక హోటల్ తెరిచారు. మొన్న ఆదివారం గుడిలో ఆరాధన అయ్యాక నా కొడుకు మమ్మల్ని అక్కడికి తీసుకెళ్ళాడు. లోపల బల్లలు లేవు, చెక్క పీపాలున్నాయి. ఒక్కో పీపా మీద ఒక అద్దం పలక, చుట్టూ ఎత్తు కుర్చీలు. ఆ కుర్చీ ఎక్కేసరికి నా మోకాళ్ళలో ప్రాణం పోయింది.

"అన్నం తినేటందుకు పీపాలెందుకురా?" అంటే "స్టైల్ అమ్మా" అన్నాడు.

బిర్యానీ వచ్చేలోపు నేను పీపా నడుం చుట్టూ చెయ్యి పెట్టి తడిమాను. బద్దకూ బద్దకూ మధ్య నా వేలు దూరింది. ఇనుప పట్టీల మీద మేకులు కనిపిస్తున్నాయి. నీళ్ళు పోస్తే అందులో నిమిషం నిలవవు.

"మేకు కొట్టినోడు పీపా కట్టినోడు గాదు" అని నాకు తెలియకుండానే పైకి అనేశాను.

"ఏంది నానమ్మా?" అంది పక్కన కూర్చున్న మనవరాలు, ఫోన్‌లోంచి తల ఎత్తకుండా. ఏం లేదన్నాను. ఆ మాట నాది కాదు, మా తాతది. దాని వెనక ఉన్న సంగతి మటుకు నాదే. ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

మా తాత, అంటే మా నాయన తండ్రి, పీపాలు కట్టేవాడు. చిన్నతనంలోనే నల్లగొండ పల్లె వదిలి వచ్చి, మలక్‌పేటలో ఒక ముసలి ఉస్తాద్ దగ్గర పని నేర్చుకున్నాడు. తరవాత ముసలివాడయ్యేదాకా సారా కార్ఖానాలో చేశాడు. అక్కడికి ఓడల మీద వచ్చిన ఓక్ కట్టెను అందరూ విలాయతి కట్టె అనేవాళ్ళట. దాన్ని బద్దలుగా చీల్చి, రెండు మూడేళ్ళు ఎండకూ వానకూ వదిలేసి, ఆ తరవాతే పనిముట్టు తగిలించాలి. బద్ద నడుమ వెడల్పు, చివర్లు సన్నం. ఒక ఇనుప పట్టీలో బద్దలన్నీ నిలబెట్టి, పైన నీళ్ళు చల్లుతూ, లోపల రంపపు పొట్టుతో మంట పెడితే కట్టె మెత్తబడి వంగుతుంది. అప్పుడు తాడేసి బిగించి పట్టీలు దిగ్గొట్టాలి. మేకు లేదు, జిగురు లేదు. మూత పలకల మధ్య సరూర్‌నగర్ చెరువు నుంచి తెచ్చిన జమ్ము ఆకు ఎండబెట్టి పెడతారు. తడి తగిలితే అది ఉబ్బి సందు మూసేస్తుంది.

"ఇనుప డబ్బల పోస్తే ఏదైనా ముసలిదైతది బిడ్డా. కట్టెల పోస్తే పెద్దదైతది" అనేవాడు. పెద్దదవడమంటే ఏమిటో నాకప్పుడు తెలియదు. మాగడం అన్నమాట. లోపల కాల్చిన కట్టె మెల్లగా తన రంగూ వాసనా ఇచ్చి, పోసిన దాని పదును తీసేస్తుందట.

ఆ కాల్చడమే ఆయన ముక్కును తినేసింది. మంట ఆరగానే పీపాలో తల పెట్టి రంగు చూడాలి. పాత పీపాల్లో దూరి కడగాలి. అన్నేళ్ళ పొగకూ సారా ఆవిరికీ ముక్కు చచ్చిపోయింది. ఇంటి పట్టున ఉండే వయసొచ్చేసరికి మా తాతకు మల్లెపూవుకీ కిరసనాయిలుకీ తేడా లేదు. ఇంట్లో ఆయన ముక్కును నేనే.

"పప్పు మాడుతున్నదా చూడు బిడ్డా", "ఈ చెక్క పుచ్చినట్టున్నది, వాసన జూసి చెప్పు" అని రోజుకు పదిసార్లు పిలిచేవాడు. పదేళ్ళదాన్ని, నాకది పెద్ద ఉద్యోగం. లంచాలు తినని ఉద్యోగమా అంటే, తిన్నాను. అమ్మ ఇంట్లో లేనప్పుడు పాలగిన్నె తెచ్చి "పాలు ఇరిగినయి తాతా" అనేదాన్ని. "అయ్యో, పారబొయ్యి" అనేవాడు. గోడ చాటుకి పోయి మీగడతో సహా తాగేసేదాన్ని. ఒకరోజు మూతికి తెల్లగా అంటుకుని దొరికిపోయాను. కొడతాడనుకున్నాను. నవ్వి, పంచె కొంగుతో మూతి తుడిచాడు.

"తినే కాడ అబద్ధమాడితె ఆడినవ్. పని కాడ ఆడకు" అన్నాడు.

అప్పుడు మా ఇల్లు ఎల్బీనగర్ చౌరస్తాకు వెనక, పెంకుల ఇల్లు. నాయన హయత్‌నగర్ డిపోలో బస్సు డ్రైవరు. ఇంటి వెనక నుంచి పెద్ద అంబర్‌పేట దాకా ద్రాక్ష తోటలే. రాతి స్తంభాలు, వాటి మీద తీగల పందిళ్ళు, కింద చీకటి. ఎండాకాలం మొదట్లో సాయంత్రం గాలి తిరిగితే పండిన ద్రాక్ష వాసనా, తోటల్లో కొట్టిన మందు వాసనా కలిసి ఇంట్లోకొచ్చేవి. చొక్కా అడుగున గుత్తులు దాచుకొచ్చి పిల్లలమంతా కడుపునొప్పి వచ్చేదాకా తినేవాళ్ళం. ఇప్పుడక్కడ అపార్ట్‌మెంట్లు. ఒకదాని పేరు మాత్రం ద్రాక్ష తోట అని ఇంగ్లీషులో పెట్టారు.

మాది క్రైస్తవ కుటుంబం. దిల్‌సుఖ్‌నగర్ వెనక సందులో రేకుల కప్పు వేసిన చిన్న గుడికి పోయేవాళ్ళం. నెలకొక ఆదివారం ప్రభువు బల్ల ఉండేది. రొట్టె ముక్క, చిన్న గిన్నెలో ద్రాక్షరసం. ముందు బెంచీల వాళ్ళు ఒకరి తరవాత ఒకరు లేచి తీసుకునేవాళ్ళు. మా తాత మటుకు ఎప్పుడూ ఆఖరి బెంచీలో, చెప్పుల పక్కన. సారా చేసేవాడికీ అమ్మేవాడికీ బల్లలో చోటు లేదని సంఘం కట్టుబాటు. కార్ఖానా వదిలేశాక అందరి ముందూ నిలబడి "నేను చేసిన పని పాపం" అని ఒప్పుకుంటే చేర్చుకుంటామన్నారు. తాత ఒప్పుకోలేదు.

"నేను సారా కాయలే, తాగలే. ఒక్క చుక్క నాలికె మీద పెట్టుకోలే. కట్టె పని జేసిన. ప్రభువు కూడ కట్టె పని జేసినోడే" అనేవాడు.

"తాతలకాలం నుంచి ఉన్న కట్టుబాటు నీ ఒక్కని కోసం మారుస్తమా?" అనేవాడు సంఘ పెద్ద. ఆయనదీ మా పక్క ఊరే. మనిషి చెడ్డవాడు కాదు, మాట మీద నిలబడే రకం. వీళ్ళిద్దరి పంతంలో మా అవ్వ నలిగిపోయింది. మంచం పట్టి పోతూ పోతూ తాతను ఒకటే అడిగింది: "ఒక్కపారన్నా బల్లకాడ కూసో. నేను పైనుంచి జూస్త." తాత సరేనన్నాడు. ఎట్లా కూర్చుంటాడో ఆయనకీ తెలియదు.

అవ్వ పోయిన మరుసటి ఏడు కొత్త పాస్టరుగారొచ్చారు. గుంటూరు వైపు మనిషి. ఒకరోజు మా ఇంటికొచ్చి, వెనక గోడకానించిన బద్దల కట్టలు చూశారు. కార్ఖానాలో ఇనుప ట్యాంకులొచ్చి పీపాలు పగలగొట్టి పొయ్యిలో వేస్తుంటే, తాత బతిమాలి తెచ్చుకున్న బద్దలవి.

"తాతగారూ, వీటితో ఒక చిన్న పీపా అవుతుందాండీ?" అన్నారు.

"ఎందుకు గాదు?"

"మన బల్లకి సీసాలో రంగునీళ్ళు కొని తెస్తున్నారండీ. నాకది నచ్చట్లేదు. ఎండాకాలం ద్రాక్ష దిగాక మీరు రసం చేసి పీపాలో మాగబెట్టండి. ఆ తరవాత వచ్చే కొత్త సంవత్సరం మొదటి ఆదివారం అదే పెడదాం. మీ చేతి రసం బల్ల మీదికొచ్చాక మిమ్మల్ని వెనక బెంచీలో ఎవరు కూర్చోబెడతారు?"

తాత కండువా తీసి ముఖం తుడుచుకున్నాడు. సంఘ పెద్ద పదిరోజులు గింజుకున్నాడు. "సారా తాగిన కట్టె అది. దాని బుద్ధి పోతదా?" అన్నాడు. చివరికి, రసం బాగుంటే నాకేం అభ్యంతరం లేదన్నాడు.

ఆ చలికాలమంతా ఇంటి వెనక ఠంగు ఠంగున సుత్తి చప్పుడే. తాత ప్రతి బద్దనూ లోపలివైపు చెక్కి, సారా వాసన పోయేదాకా చెక్కి, నా ముక్కు దగ్గర పెట్టేవాడు.

"ఇంక ఉన్నదా?"

"జర ఉన్నది తాతా."

మళ్ళీ చెక్కేవాడు. ఆ పనిలో నేను ఒక్క అబద్ధం ఆడలేదు. పీపా నిలబెట్టి లోపల మంట పెట్టిన రోజు ఇల్లంతా వేడి బెల్లం పాకం వాసన, దాని వెనక కాలిన రొట్టె వాసన. నాలుగిళ్ళ అవతలి నుంచి మనుషులొచ్చి "ఏం వండుతున్నరు?" అని అడిగారు. ఆ వాసన ఒక్కటి మా తాతకు తెలిసి ఉంటే ఎంత బాగుండేదో అని ఇప్పటికీ అనిపిస్తుంది. ఆయన నా ముఖం చూసి సంతోషపడ్డాడు.

పీపా నా నడుమంత ఎత్తుంది. నీళ్ళు పోశాడు. మొదట ఏడెనిమిది చోట్ల కారింది, రెండో రోజుకు ఆగిపోయింది. ద్రాక్ష రావడానికి ఇంకా నెల పట్టేట్టుంది. సరిగ్గా అప్పుడు తాతకు దమ్ము ఎక్కువై ఊపిరాడకపోతే, నాయన ఆయన్ను మలక్‌పేట వైపు దవాఖానలో చేర్చాడు. పోయేముందు రిక్షాలో కూర్చుని నా చెయ్యి పట్టుకున్నాడు.

"పీపా ఎండొద్దు బిడ్డా. ఎండితె బద్దలు ఇడిపోతయి. పొద్దున పాత నీళ్ళు తీసి రెండు బిందెలు కొత్తయి పొయ్యి. మంచినీళ్ళే. కట్టె ఏది తాగితె అది యాదికి పెట్టుకుంటది."

నేను తల ఊపాను. నాలుగు రోజులు అలాగే చేశాను. అయిదో రోజు బావి అడుగంటింది. వీధి కుళాయి ముందే పడుకుంది. నీళ్ళ బండి ఎప్పుడొస్తే అప్పుడే. అమ్మ ఒక్క బిందెతో వంటా తాగడమూ గడుపుతుంటే నేను పోయి ఆ బిందె ఎత్తాను.

"మనుషులకే గతి లేదు, కట్టెకు తాపుతవా!" అని అమ్మ వీపు మీద ఒకటిచ్చింది. ఆమె తప్పు లేదు.

ఆ మధ్యాహ్నం అమ్మ బావి అడుగు నీళ్ళు తేర్చి నాయన యూనిఫాం ఉతికి, బట్టలు జాడించిన నీళ్ళు తొట్టిలో వదిలి, దవాఖానకు అన్నం తీసుకుపోయింది. తొట్టిలో నీళ్ళు తెల్లగా, నురగ తగ్గిపోయి ఉన్నాయి. అవతల పీపా ఎండలో ఉంది. దాని నడుం దగ్గర సన్నటి గీత లాగా సందు కనిపించింది. విడిపోయేది పీపా కాదు, బల్లలో తాత చోటే అనుకున్నాను. నీళ్ళు నీళ్ళే కదా అనుకుని చెంబుతో ముంచి పోశాను. గంటలో సందు మూసుకుంది. నేను ఎంత తెలివైనదాన్నో అనుకుంటూ చెంబు బోర్లించాను. ఆ తరవాత తాత వచ్చేదాకా రోజూ బట్టల తొట్టి నీళ్ళే.

రెండు వారాలకు తాత తిరిగొచ్చాడు. మనిషి సగమయ్యాడు. రిక్షా దిగి నేరుగా వెనక్కి పోయి పీపాను వేలి కణుపులతో తట్టాడు. గంట మోగినట్టు మోగింది.

"శభాష్ బిడ్డా! నువ్వే లేకపోతె ఇడిపోతుండె."

నీళ్ళు తీసేసి, రెండుసార్లు వేడినీళ్ళు తిప్పి పారబోశాడు. బిరడా తీసిన రంధ్రం దగ్గరికి నన్ను పిలిచాడు.

"వాసన జూడు. ఏమన్న ఉన్నదా?"

వంగాను. పైన కాలిన కట్టె వాసన, బెల్లం వాసన. దాని అడుగున సన్నగా సబ్బు. లేదనుకుంటే లేదు. కానీ నా ముక్కు అట్లాంటిది కాదు, ఉందని నాకు తెలుసు. అప్పుడు చెప్పి ఉంటే ఏమయ్యేది? నాలుగు రోజుల పని. మూత ఊడదీసి, మళ్ళీ చెక్కి, మళ్ళీ కాల్చేవాడు. నన్ను ఒక్క మాట కూడా అనేవాడు కాదు. అది కూడా నాకు అప్పుడే తెలుసు. అయినా "శభాష్" అన్న మాట ఇంకా చెవిలో ఉంది. ఆయన నిలబడలేక పీపా మీద చెయ్యి ఆనించి ఊగుతున్నాడు.

"మంచిగనే ఉన్నది తాతా" అన్నాను.

తాత తల ఊపాడు.

పెద్ద అంబర్‌పేట తోటలో ఒక మూల నల్ల ద్రాక్ష ఉండేది. బండి మీద గంపలు దిగాయి. గుడి ఆడవాళ్ళు వచ్చి కాడలు తీశారు. పాస్టరుగారు ఒక పాట ఎత్తుకుంటే పిల్లలం కాళ్ళు కడుక్కుని తొట్టిలో దిగి తొక్కాం. మోకాళ్ళ దాకా ఊదారంగు. జాడీల్లో పది పన్నెండు రోజులు బుసబుస పొంగింది. వడకట్టిన పిప్పి పెరట్లో పారేస్తే మా కోడి తిని, నాలుగడుగులు వంకరగా నడిచి, గోడకు ఆనుకుని కూర్చుంది. సంఘ పెద్ద భార్య ముక్కు మీద వేలేసుకుంది. "చూసిన్రా, కోడికి కూడ బల్ల నిషేధమే" అని తాత అంటే ఆమె కూడా నవ్వింది. తాత నవ్వడం నేను చూసిన ఆఖరుసారి అదేనేమో.

రసం పీపాలోకి పోసి బిరడా కొట్టి, నీడ గదిలో పెట్టారు. కట్టె తాగేసినంత మళ్ళీ నింపడానికి ఒక కూజాలో విడిగా దాచారు. వారానికోసారి తాత పీపాను తట్టి విని, ఖాళీ అయినంత పోసేవాడు. రుచి చూడలేదు. పాస్టరుగారు చూడండన్నా వినలేదు. "నా బతుకుల మొదటి చుక్క బల్లకాన్నే" అన్నాడు. వాన పడ్డా, ఉక్కపోసినా, చలి పెట్టినా నెలకోసారి నన్ను పిలిచేవాడు.

"ఎట్లున్నది?"

నెలనెలా ఆ వాసన మారింది. సబ్బు సబ్బులాగా లేదు. పాత నూనె దీపం ఆర్పినట్టు, తడిసిన బట్ట మూలన పడేసినట్టు, ఏదో. నేను నెలనెలా "మంచిగనే ఉన్నది" అన్నాను. మొదటి అబద్ధం భయంతో చెప్పాను. మిగిలినవి మొదటిదాన్ని కాపాడ్డానికి చెప్పాను. ఎవరైనా ఇంట్లో సబ్బు అన్న మాటంటే చాలు, గుమ్మడికాయ దొంగలా భుజాలు తడుముకునేదాన్ని.

కొత్త సంవత్సరం మొదటి ఆదివారం వచ్చింది. తాత ఇస్త్రీ పంచె కట్టాడు. అవ్వ దాచిన కండువా తీశాడు. పాస్టరుగారు ఆయన్ను చెయ్యి పట్టుకుని ముందు బెంచీలో కూర్చోబెట్టారు. గుడిలో అందరూ తలలు తిప్పి చూశారు. నేను అమ్మ పక్కన, ఆడవాళ్ళ వైపు, మూడో బెంచీలో ఉన్నాను. దేవుడికి నేను చేసిన మొట్టమొదటి నిజమైన ప్రార్థన ఆ రోజుదే. ఎవరికీ వాసన తెలియకుండా చెయ్యమని అడిగాను.

చిన్న గిన్నెలు అందాయి. ఎర్రగా, చూడ్డానికి ఎంతో బాగుంది. పాస్టరుగారు ముందు తాగారు. ముఖంలో ఒక్క కండరం కదల్లేదు. ఆ మనిషి గొప్పతనం నాకు పెద్దయ్యాక తెలిసింది. తరవాత సంఘ పెద్ద నాలుక మీద పెట్టుకుని, మింగలేక మింగాడు. ఆయన తరవాత ఒకామె దగ్గి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎవరో "కంపు" అన్నారు, ఇంకెవరో "చేదు" అన్నారు. సబ్బు అని ఎవరికీ తట్టలేదు.

"సారా తాగిన కట్టె. నేను ముందే చెప్పిన" అన్నాడు సంఘ పెద్ద. గట్టిగా కూడా అనలేదు.

తాత గిన్నె ఇంకా చేతిలోనే ఉంది. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఏం లాభం? తల తిప్పి గుడంతా వెతికి నన్ను చూశాడు. అడుగుతున్నట్టు చూశాడు. నేను తల దించుకున్నాను.

"మీరు తీసుకోండి తాతగారూ. రుచి కోసం కాదు కదండీ ఇది" అన్నారు పాస్టరుగారు.

తాత లేచి గిన్నెను బల్ల మీద పెట్టేశాడు. చుక్క తగ్గలేదు.

"కట్టెల తప్పు లేదయ్యగారూ. సారా వాసన ఒక్క పిసరు లేకుండ చెక్కిన. నా పనిల ఏడనో తప్పు పోయింది. తప్పు పని జేసి ఈడెట్ల కూసోవాలె?" అన్నాడు. మెల్లగా నడిచి ఆఖరి బెంచీలో, చెప్పుల పక్కన కూర్చున్నాడు.

నాలుగు రోజులకు సంఘ పెద్ద మా ఇంటికొచ్చాడు. గుమ్మంలోనే నిలబడి, కండువా అటూ ఇటూ నలిపి, "ముసలాయనా, అయింది అయిపోయింది. నెలొస్తె నా పక్కన్నే కూసో. నేనేమన, ఎవలనూ అననియ్య" అన్నాడు. పంతం ఆయనే వదులుకున్నాడు. తాత చేతులు జోడించాడు.

"తప్పేందో దొరకనియ్యి. దొరికిన రోజు ఒస్త."

మర్నాటి నుంచి వెతకడం మొదలుపెట్టాడు. పీపా విప్పాడు. బద్దలన్నీ పెరట్లో వరసగా పరిచి, ఒక్కొక్కదాన్నే ఎత్తి ఎండకు పట్టి చూసేవాడు. గోటితో గీకేవాడు. జమ్ము ఆకు పుచ్చిందా అని విడదీసి చూశాడు. మంట ఎక్కువైందా, తక్కువైందా, ద్రాక్షలో తోట మందుందా, బిరడా కట్టె మంచిది కాదా అని నడిచేటప్పుడు కూడా తనలో తనే వాదించుకునేవాడు. నేను పుస్తకం ఒళ్ళో పెట్టుకుని అరుగు మీద కూర్చుని చూసేదాన్ని. తేలు కుట్టిన దొంగకు నోరు లేస్తుందా? ఒక్క మాట. చెంబూ, తొట్టీ అంటే చాలు, మా తాత బల్ల దగ్గర కూర్చునేవాడు. రోజూ రేపు చెబుదామనుకునేదాన్ని. ఒకసారి దగ్గరికి పోయి "తాతా" అన్నాను కూడా.

"ఏంది బిడ్డా?"

"అన్నానికి రమ్మంటుంది అమ్మ."

ఎండలు ముదిరేసరికి దమ్ము మళ్ళీ వచ్చింది. ఈసారి దవాఖానకు పోనన్నాడు. మంచం మీద కూడా ఒక బద్ద పక్కన పెట్టుకున్నాడు. చివరి రోజుల్లో ఒక పొద్దున నన్ను పిలిచి, ఆ బద్దను నా చేతిలో పెట్టాడు. మళ్ళీ వాసన చూడమంటాడనుకున్నాను. చూడమనలేదు.

"నువ్వు గదానికి పరేషాన్ కాకు బిడ్డా. ఆనాడు గుళ్ళె తలకాయ వంచినవ్, నేను జూసిన. తప్పు నీ ముక్కుది గాదు. నీ ముక్కు మంచిది. నాదే ఏడనో తప్పింది" అన్నాడు.

అప్పుడైనా చెప్పలేదు. ఏడ్చాను. తాత నా తల నిమిరి, నా ఏడుపు తన మీద ప్రేమ అనుకున్నాడు. ప్రేమ కూడా ఉంది. చెప్పనిది దానికంటే పెద్దదిగా ఉంది.

రెండు రోజుల తరవాత పోయాడు. శవానికి స్నానం చేయించడానికి నీళ్ళు కాగబెట్టాలి. ఇంట్లో కట్టెల్లేవు. అమ్మ పెరట్లోకి పోయి చేతికందిన బద్దలు తెచ్చి పొయ్యిలో పెట్టింది. వాకిలంతా బెల్లం పాకం వాసన కమ్మింది. దాని అడుగున ఇంకేమైనా ఉందా అని నేను వెతికాను. ఏమీ లేదు. కాల్చితే పోయేదే అది. మా తాతకు తెలిస్తే నాలుగు రోజుల పని.

నేను పెద్దయ్యాక బాప్తీస్మం తీసుకున్నాను. నెలనెలా గిన్నె నా దాకా వస్తుంది. తీసుకుంటాను. గిన్నె చేతికి రాగానే ఆఖరి బెంచీ వైపు చూడటం మటుకు నాకు అలవాటు. ఇప్పటి గుడి పాలరాతిది, చెప్పులు బయట విడుస్తాం. ఆఖరి బెంచీలో ఆలస్యంగా వచ్చిన పిల్లలు కూర్చుంటారు. పాస్టరుగారు పోయారు, సంఘ పెద్ద పోయారు. చెబుదామన్నా వినాల్సిన వాళ్ళెవరూ మిగల్లేదు.

రెండేళ్ళ కింద నాకు గట్టి జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది గానీ ముక్కు తిరిగి రాలేదు. కాఫీ వేడిగా ఉంటుంది, అంతే. కోడలు ఏది వండినా నాకు ఒకటే. డాక్టరు మెల్లగా వస్తుందన్నాడు. నేను ఎదురు చూడటం లేదు. ఎవరి ముక్కు ఎవరికి చేరాలో అది చేరిందనుకుంటాను.

ఆ హోటల్లో బిర్యానీ వచ్చింది. అందరూ తింటున్నారు. నాకు ఆ పీపా మీంచి చెయ్యి తీయబుద్ధి కాలేదు. మేకులు కొడితే కొట్టారు, కట్టె మటుకు ఎక్కడో నిజం పీపాదే అయ్యుండవచ్చు. ఒక బద్ద లోపలివైపు నల్లగా కాలి ఉంది. మనవరాలి భుజం తట్టాను. దానికి ఇప్పుడు నా అప్పటి వయసే.

"ఈ సందుల జర ముక్కు పెట్టి చూడు బిడ్డా. ఏం వాసనొస్తుందో చెప్పు."

అది ఫోన్ చేతిలోంచి దించకుండానే వంగినట్టు వంగింది. మళ్ళీ నిటారుగా కూర్చుంది.

"మంచిగనే ఉంది నానమ్మా" అంది.

నేను తల ఊపాను.